టైము చెప్పండి, నిలబడే చోటు చూపించండి

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పత్రిక చివరి పేజీలో ఒక ఫోటో వేశారు. ఇంగ్లండులో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే పాత బొగ్గింజను వెళ్తుంటే వంతెన మీదా, గట్ల మీదా జనం కిక్కిరిసి నిలబడ్డ ఫోటో. పాతదే, 2016 ఫిబ్రవరిది. దాని కింద మీ వాళ్లెవరో ‘పొగబండి కోసం పనులు మానుకున్న దొరలు’ అని రాశారు. చదివి నవ్వుకున్నాను, కాదనను. కానీ ఆ రోజు అదే లైను మీద, పీటర్‌బరో ఊళ్లో ఒక రోడ్డు వంతెన మీద, సెలవు పెట్టి మరీ నిలబడ్డవాణ్ణి నేను. పుట్టింది నెల్లూరు జిల్లా బిట్రగుంటలో, ఉద్యోగం ఇక్కడ. దొరల తరఫున మాట్లాడే అవసరం నాకు లేదు గానీ నా తరఫున కొన్ని మాటలు రాయాలనిపించింది. పొడుగైతే కత్తిరించుకోండి, చివర్లో అడిగిన సంగతి మాత్రం ఉంచండి.

ముందు ఆ ఇంజను ఏమిటో చెప్పాలి, ఎందుకంటే మీ వ్యాఖ్య చదివితే ఏదో మూలపడ్డ డొక్కు బండిని చూడ్డానికి ఎగబడ్డట్టుంది. 1923 ఫిబ్రవరిలో డాంకాస్టర్ వర్క్‌షాపులో తయారైంది, డిజైను నైజెల్ గ్రెస్లీది. 1928 మే 1న లండన్ నుంచి ఎడిన్‌బరోకి దారిలో ఎక్కడా ఆగకుండా, 630 కిలోమీటర్ల పైచిలుకు, మొదటిసారి రైలు నడిపినప్పుడు దానికి కట్టింది ఈ ఇంజన్నే. అంత దూరం ఒకే డ్రైవరు, ఒకే ఫైర్‌మన్ లాగలేరు కాబట్టి బొగ్గూ నీళ్లూ ఉండే టెండరులో ఒక పక్కగా మనిషి దూరేంత సన్నటి దారి పెట్టారు. సగం దూరం వెళ్లాక రెండో జట్టు బోగీలోంచి ఆ దారిన ఇంజను మీదికి వచ్చేది. నీళ్ల కోసం ఆగే పని లేకుండా పట్టాల మధ్య పొడవాటి తొట్లు కట్టి, పరుగు మీదే గరిటెలాంటి గొట్టం దించి తోడుకునేవాళ్లు. 1934 నవంబరు 30న గంటకు 100 మైళ్ల వేగం, అంటే 160 కిలోమీటర్లు, అధికారికంగా నమోదైన మొదటి ఆవిరి ఇంజను కూడా ఇదే. మా నాన్నగారికి ఈ టెండరు సంగతి చెప్తే మిగతా రికార్డులన్నీ వదిలేసి దీన్ని మాత్రం మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ఆయన బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవరుగా రిటైరైన మనిషి.

1963 జనవరిలో దాన్ని సర్వీసు నుంచి తీసేశారు, తుక్కుకి పోవాల్సిందే. అలన్ పెగ్లర్ అనే ఆయన 3,000 పౌండ్లు పెట్టి కొన్నాడు. 1969లో అమెరికా తీసుకెళ్లి ఊరూరా తిప్పాడు, ఖర్చులు మీద పడి 1972లో దివాలా తీశాడు. ఒక ఇంజను కోసం ఇల్లు గుల్ల చేసుకున్నవాడు! తర్వాతి ఏడాది విలియం మెకల్పిన్ అనే ఇంకొకాయన డబ్బు కట్టి, ఓడలో పనామా కాలువ మీదుగా ఇంటికి తెప్పించాడు. 1988లో ఆస్ట్రేలియా కూడా వెళ్లింది, అక్కడ మరుసటి ఏడాది 422 మైళ్లు ఆగకుండా పరుగెత్తి ఇంకో రికార్డు కొట్టింది. చేతులు మారి మారి, 2004లో యార్కులోని నేషనల్ రైల్వే మ్యూజియం 23 లక్షల పౌండ్లకు కొంది. అందులో మామూలు జనం ఇచ్చిన చందాలున్నాయి. తర్వాత రిపేరు మొదలుపెడితే పదేళ్లు పట్టింది, విప్పినకొద్దీ పగుళ్లు బయటపడి ఖర్చు 42 లక్షల పౌండ్లకు చేరింది. ‘ఆ డబ్బుతో కొత్త ఇంజనే కట్టొచ్చు కదా’ అని అప్పట్లో గొణిగినవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లు అన్నదాంట్లో కొంత నిజం లేకపోలేదు. ఇలా పదేళ్లు షెడ్డులో పడి ఉండి, 2016 ఫిబ్రవరి 25న లండన్ కింగ్స్ క్రాస్ నుంచి యార్కుకి మళ్లీ బయల్దేరిన రోజుది మీరు వేసిన ఫోటో. జనం రాకపోతే ఆశ్చర్యపోవాలి గానీ వస్తే ఏముంది?

ఇక ఆ ‘పనిలేని’ జనం గురించి. ఇక్కడ పాత ఇంజన్లు బతికి ఉన్నాయంటే కారణం ప్రభుత్వం కాదు, ఈ గట్ల మీద ఫ్లాస్కులూ మడత కుర్చీలూ వేసుకుని కూర్చునే మనుషులే. బ్రిటన్‌లో మెయిన్ లైన్ల మీద ఆవిరి ఇంజన్ల మామూలు సర్వీసులకు 1968 ఆగస్టులో తెర పడింది. ఆ నెల 11న నడిపిన చివరి స్పెషల్ టికెట్ 15 గినీలు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం, అయినా బండి నిండింది, లైను పొడవునా జనం నిలబడ్డారు. ఆ తర్వాత రైల్వేవాళ్లు ఆవిరి ఇంజను మెయిన్ లైను ఎక్కడానికే వీల్లేదన్నారు, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. ఈలోపు వందల ఇంజన్లు తుక్కు వ్యాపారుల పాలయ్యాయి. సౌత్ వేల్స్‌లో బ్యారీ అనే ఊళ్లో డై వుడమ్ అనే తుక్కు వ్యాపారి మాత్రం వ్యాగన్లు కోయడం తేలికని వాటి పని ముందు పట్టి, ఇంజన్లను అలా పక్కన పెట్టేశాడు. సముద్రపు గాలికి తుప్పు పట్టి పడున్న వాటిని ఈ పిచ్చివాళ్లు చందాలేసుకుని ఒక్కొక్కటీ కొనుక్కుపోయారు, మొత్తం 213. ఇవాళ ఇక్కడ పర్యాటకుల కోసం తిరిగే ఆవిరి ఇంజన్లలో చాలావాటి జన్మస్థలం ఏదైనా పునర్జన్మ మాత్రం బ్యారీ యార్డే.

ఇంకా చెప్పాలంటే, ఉన్నవి కాపాడుకోవడంతో తృప్తిపడక కొత్తది కూడా కట్టారు. ఒక తరహా ఇంజను, ఎ1 అంటారు, ఒక్కటి కూడా మిగల్లేదని 1990లో కొంతమంది ట్రస్టు పెట్టుకుని, వారానికి ఒక గ్లాసు బీరు ధర చందాగా ఇవ్వండి చాలు అని అడిగారు. అలా పోగేసి పోగేసి 2008లో టోర్నడో అనే ఇంజనును పట్టాల మీద పెట్టారు. నట్టు బోల్టు దగ్గర్నుంచీ కొత్తది. 2017లో అది కూడా 100 మైళ్ల వేగం అందుకుంది, టెస్టు కోసం అర్ధరాత్రి నడిపి. మామూలుగా ఇక్కడ ఆవిరి ఇంజన్లను మెయిన్ లైను మీద గంటకు 75 మైళ్లు దాటనివ్వరు.

మా నాన్నగారికి ఇదంతా ఒక వింత. ఇక్కడ పాత ఇంజన్లు నడిపే చిన్న చిన్న హెరిటేజ్ లైన్లలో డబ్బు కడితే ఒక రోజు ఫైర్‌మన్‌గా పని చేయనిస్తారు, బొగ్గు వేయొచ్చు, డ్రైవరు పక్కన నిలబడొచ్చు. మా ఊరి పక్కనే నీన్ వ్యాలీ రైల్వే అని ఒకటుంది, నాన్నగారు వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఎదురు డబ్బు కట్టి బొగ్గు వేస్తారా అని ఆయన నవ్విన నవ్వుకి పక్కనున్న ముసలాయన కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. మే నెలలో నెల్లూరు జిల్లా ఎండలో, ముందు బాయిలరు సెగ, వెనక టెండరు దుమ్ము, చేతిలో పార, అలా డ్యూటీ చేసినవాళ్లెవరూ బొగ్గింజను పోయిందని ఏడవరు, డీజిల్ వచ్చిననాడు పండగ చేసుకున్నారు అంటారాయన. నిజమే అయ్యుంటుంది. కాబట్టి నేను ‘ఆ రోజులే వేరు’ అనే బాపతు కాదు. ఆవిరి ఇంజను పోవాల్సిందే, పోయింది. మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద చివరి మామూలు సర్వీసు 1995 డిసెంబరు 6న జలంధర్–ఫిరోజ్‌పూర్ మధ్య నడిచింది, అప్పటికే ఆలస్యం. కానీ ఆయనే, ఆ నీన్ వ్యాలీలో ఇంజను కదిలే ముందు సిలిండర్లలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి ఆవిరి బుస్సుమని వదులుతుంటే, జనమంతా వెనక్కి జరిగితే, తాను మాత్రం అక్కడే నిలబడి ‘ఇంకాస్త సేపు వదలాలి, తొందరపడుతున్నాడు’ అన్నారు.

సరే, ఇప్పుడు అసలు గొడవ.

మీ ఫోటోలో మీరు చూడని సంగతి ఒకటుంది. ఆ రోజు ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ యార్కుకి ఆలస్యంగా చేరింది. ఇంజను చెడిపోయి కాదు, జనం పట్టాల మీదికి వచ్చేసి. సెయింట్ నీట్స్ దగ్గర పట్టాల పక్కనా పట్టాల మీదా మనుషులుంటే రైలు ఆపేయాల్సొచ్చింది. అది మామూలు బ్రాంచి లైను కాదు, లండన్ నుంచి స్కాట్లండ్ వెళ్లే ప్రధాన మార్గం, పక్క పట్టాల మీద రోజువారీ రైళ్లు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంటాయి. కెమెరాలు పట్టుకుని ఒకవైపు చూస్తూ, రెండో పట్టాల మధ్యలో నిలబడ్డారు! పెద్ద చదువులూ పెద్ద ఉద్యోగాలూ ఉన్నవాళ్లే, పిల్లల్ని భుజాన ఎత్తుకుని మరీ. ఆ ఒక్క రోజు గొడవకి, ఆలస్యమైన రైళ్ల కంపెనీలకు నష్టపరిహారం కింద పట్టాలు చూసుకునే సంస్థ సుమారు 60 వేల పౌండ్లు కట్టుకోవాల్సొచ్చింది. మీరు వ్యాఖ్య రాయాలంటే దీని మీద రాయాల్సింది, పనులు మానుకోవడం మీద కాదు.

దానికి రైల్వేవాళ్లు చేసిన పని ఏమిటంటే, ఇకనుంచి ఆ ఇంజను టైములు బయట పెట్టం అన్నారు. నాకైతే ఇది మరీ చేతకాని పని అనిపించింది. టైము దాచిపెడితే జనం రాకుండా ఉంటారా? టికెట్ కొన్న ప్రయాణికులకు టైము తెలుస్తుంది, వాళ్ల ద్వారా అందరికీ తెలుస్తుంది, కాకపోతే సగం సగం తెలుస్తుంది. తొమ్మిదిన్నరకట అని ఒకడు, కాదు పదింటికట అని ఒకడు. దాంతో ఎక్కడ నిలబడాలో తెలియక దొరికిన కంచె దూకుతారు. కచ్చితంగా ఇన్ని గంటలకు ఈ స్టేషన్ దాటుతుంది, ఇక్కడ ఈ పార్కు నుంచి బాగా కనిపిస్తుంది, పార్కింగ్ ఇక్కడ అని చెప్తే పట్టాల మీదికి ఎందుకు వస్తారు? నూటికి ఒకడు వస్తాడేమో, వాణ్ణి పోలీసులు చూసుకుంటారు.

ఈ దేశంలోనే దీనికి పాత ఉదాహరణ ఉంది. 1942లో ఇయన్ అలన్ అనే కుర్రాడు, సదరన్ రైల్వే ఆఫీసులో పనిచేసేవాడు, ఇంజన్ల నంబర్లన్నీ వరసగా అచ్చేసి చిన్న పుస్తకం తెచ్చాడు. చూసిన ఇంజను నంబరు కింద గీత గీసుకోవడం, అంతే ఆట. పిల్లలంతా ఎగబడ్డారు, ట్రెయిన్‌స్పాటింగ్ అనే పిచ్చి ఇలా ఊరూరా పాకింది. కొద్దికాలానికే టామ్‌వర్త్ స్టేషన్ దగ్గర పిల్లలు పట్టాల మీద చేరి గొడవ చేస్తున్నారని పోలీసుల దాకా వెళ్లింది. అప్పుడు ఆయన పుస్తకాలు ఆపేయలేదు, నంబర్లు దాచిపెట్టలేదు. ఒక క్లబ్బు పెట్టి, రైల్వే పనికి అడ్డం రాను, సిబ్బందిని విసిగించను, అన్నిటికన్నా ముఖ్యంగా రైల్వే స్థలంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టను అని మాట ఇస్తేనే సభ్యత్వం అన్నాడు. బ్యాడ్జీ ఊడబీకుతారన్న భయం పిల్లలకు పోలీసు భయం కన్నా ఎక్కువ పనిచేసింది అని ఇక్కడి ముసలివాళ్లు చెప్తారు.

అమెరికాలో ఇంకో తరహా. యూనియన్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ దగ్గర బిగ్ బాయ్ అని ఒక ఇంజనుంది, నంబరు 4014. 1941–44 మధ్య ఇలాంటివి 25 కట్టారు, 8 మిగిలాయి, నడిచేది ఇదొక్కటే. టెండరుతో కలిపి 132 అడుగుల పొడవు, 540 టన్నుల పైన బరువు. కాలిఫోర్నియాలో మ్యూజియంలో ఉన్నదాన్ని వెనక్కి తెచ్చుకుని, బొగ్గుకి బదులు ఆయిలుతో నడిచేలా మార్చి, 2019 మేలో బయటికి తీశారు. అది టూరుకి బయల్దేరితే ఏ ఊళ్లో ఎన్నింటికి ఆగుతుందో ముందే ప్రకటిస్తారు, ఇంజను ఇప్పుడు ఎక్కడుందో వెబ్‌సైట్‌లో మ్యాపు మీద చూపిస్తారు, చిన్న ఊళ్లలో కూడా జనం చూడ్డానికి కాసేపు ఆపుతారు. పట్టాలకు 25 అడుగుల దూరంలో ఉండండి అని పదే పదే చెప్తారు. 2021లో టెక్సస్ వచ్చినప్పుడు మా బావమరిది కుటుంబం, వాళ్ల అపార్టుమెంట్లో ఉండే ఇంకో రెండు తెలుగు కుటుంబాలూ పులిహోర కట్టుకుని వెళ్లి చూసొచ్చారు. అక్కడ మాత్రం జనమంతా బుద్ధిమంతులని కాదు, కార్లలో హైవే పక్కన ఇంజనుతో సమానంగా పోతూ వీడియోలు తీసేవాళ్ల గురించి వింటే ఒళ్లు మండుతుంది. కానీ ఎక్కడికి రావాలో, ఎక్కడ నిలబడాలో తెలియక తప్పు చేసే అవసరం మాత్రం వాళ్లకు లేదు.

అయినా ప్రమాదం ప్రమాదమే. 2024 జూన్ 3న మెక్సికోలో, హిడాల్గో రాష్ట్రంలో, కెనడా నుంచి వచ్చిన 2816 నంబరు ఆవిరి ఇంజను వెళ్తుంటే సెల్ఫీ కోసం పట్టాలకు మరీ దగ్గరగా కూర్చున్న ఒక యువతిని ఇంజను తగిలింది, అక్కడికక్కడే ప్రాణం పోయింది. పక్కనే పిల్లలూ పెద్దలూ నిలబడి ఉన్నారు. రైలు పట్టాల వెడల్పే ఉంటుందని మనకొక భ్రమ. పట్టాల మధ్య దూరం కన్నా ఇంజను వెడల్పు చాలా ఎక్కువ, రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, ఆవిరి ఇంజనైతే సిలిండర్లూ రాడ్లూ మెట్లూ కూడా. ఫోన్ తెరలో చూస్తే దూరం అసలు అంచనా దొరకదు. పైగా ఆ కూత, ఆ పొగ, జనం కేకలు, వీటి మధ్య పక్క లైను మీద వచ్చే కరెంటు ఇంజను చప్పుడు వినపడనే వినపడదు.

ఇది విదేశీ గోల అనుకోకండి. 2018 దసరా రోజు అమృత్‌సర్‌లో రావణ దహనం చూడ్డానికి పట్టాల మీద నిలబడ్డ జనం మీద నుంచి రైలు వెళ్లిపోయి 60 మంది దాకా చనిపోయారు. వాళ్లు చూస్తున్నది రైలును కాదు, అంతే తేడా. మన విజయనగరం జిల్లా గొట్లాంలో 2013 నవంబరులో నిప్పంటుకుందన్న పుకారుకి ఒక రైల్లోంచి దూకి పక్క పట్టాల మీదికి వచ్చినవాళ్లను ఇంకో రైలు తొక్కేసింది. శ్రీకాకుళం జిల్లా బాతువ దగ్గర 2022 ఏప్రిల్‌లో కూడా దాదాపు అదే కథ, ఆగిన రైలు దిగి అవతలి పట్టాల మీద నిలబడ్డారు, కోణార్క్ ఎక్స్‌ప్రెస్ వచ్చేసింది. రెండో పట్టాల మీద ఇంకో రైలు రావచ్చు అన్న ఒక్క విషయం మన బడిపిల్లలకు ఎవరైనా చెప్తున్నారా? రైల్వే చట్టం 147వ సెక్షను కింద అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్తే ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా అని ఉంది, ఆ బోర్డు పక్కనుంచే అందరం దాటుతాం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే మన దగ్గరా పాత ఇంజన్లు అప్పుడప్పుడు నడుస్తున్నాయి, కానీ ఆ సంగతి మనకు మర్నాడు మీ పేపర్లో ఫోటో చూస్తే తెలుస్తుంది. 1855లో ఇంగ్లండులోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ హర్యానాలోని రేవారీ షెడ్డులో ఉంది, పనిచేసే ఇంజన్లలో ప్రపంచంలోనే పాతదని 1998లో గిన్నిస్ వాళ్లు గుర్తించారు. అంటే స్కాట్స్‌మన్ కన్నా దాదాపు 70 ఏళ్లు పెద్దది! దాని తోటిదే ఇంకోటి, ఈఐఆర్ 21, మనకు కూతవేటు దూరంలో చెన్నైలో ఉంది. పెరంబూరు లోకో వర్క్స్ వాళ్లు 2010లో దాన్ని బతికించారు, పంద్రాగస్టుకి ఎగ్మూరు నుంచి జెండాలు కట్టి నడిపిన సందర్భాలున్నాయి. చెన్నైలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు చెప్పక్కర్లేదు. నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట నుంచైతే పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. ఎవరికి తెలుసు?

ఇక మన తెలుగు నేల మీద మిగిలినవి, డివిజనల్ ఆఫీసుల ముందూ స్టేషన్ల ముందూ దిమ్మె మీద నిలబెట్టి, ఏటా రంగు వేసే బొమ్మలు. రంగు కింద తుప్పు దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. బిట్రగుంట సంగతి తలుచుకుంటే కోపమే వస్తుంది. దక్షిణాదిలో పేరున్న స్టీమ్ షెడ్డు, ఇంజన్లను తిప్పి పెట్టే టర్న్‌టేబుల్, చుట్టూ గుండ్రటి షెడ్డు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు, రైల్వే ఇన్‌స్టిట్యూటులో డాన్సులు, అదొక ఊరు. డీజిలూ కరెంటూ వచ్చాక షెడ్డు మూతపడింది, రైల్వే స్థలం మాత్రం ఎకరాలకెకరాలు ఖాళీగా ఉంది. అక్కడ ఏదో ఒకటి పెట్టండి అని ఊళ్లో వాళ్లు అడుగుతూనే ఉన్నారు, ఎలక్షన్ వచ్చినప్పుడల్లా హామీ కూడా వస్తూనే ఉంది. ఒక్క బొగ్గింజను తెచ్చి బిట్రగుంట నుంచి కావలి దాకా, అటు తిరిగితే నెల్లూరు దాకా, ఏడాదికి ఒకసారి నడిపితే ఎవరి సొమ్ము పోతుంది?

పోతుంది, కొంత పోతుంది, ఆ మాట కూడా రాయాలి. నీళ్లు పట్టే స్తంభాలు పీకేశారు, బూడిద దులిపే గుంటలు పూడ్చేశారు, నడపడం తెలిసినవాళ్లు ముసలివాళ్లైపోయారు. పైన 25 వేల వోల్టుల తీగ ఉంటుంది కాబట్టి టెండరు ఎక్కి బొగ్గు సర్దడం కుదరదు, పొగ మసి ఇన్సులేటర్లకు పడుతుంది. కానీ తీగలు ఇక్కడ ఇంగ్లండులోనూ ఉన్నాయి, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ యార్కుకి వెళ్లింది ఆ తీగల కిందే. నీళ్లు ట్యాంకరు లారీలో తెస్తారు. చెన్నైలో చేస్తున్నదీ తీగల కిందే. పని తెలిసినవాళ్లు పూర్తిగా పోకముందే కుర్రాళ్లకు నేర్పించాలి, ఇక్కడ హెరిటేజ్ లైన్లలో జరిగేది అదే, డెబ్బై ఏళ్లాయన పక్కన పదహారేళ్ల పిల్ల నూనె గుడ్డ పట్టుకుని నిలబడుతుంది.

నన్నడిగితే గోదావరి మీద నడపాలి. రాజమండ్రి ఘాట్ల నుంచి మూడు వంతెనలూ కనిపిస్తాయి. 1900లో కట్టిన హేవ్‌లాక్ వంతెన మీద రైళ్లు 1997లో ఆగిపోయాయి, కానీ పక్కన కమాను వంతెన ఉంది, దాని మీద పొగ వదులుకుంటూ ఒక బొగ్గింజను పోతుంటే, జనం ఒక్కరు కూడా పట్టాల జోలికి వెళ్లకుండా గట్టు మీద నుంచే చూడొచ్చు, మధ్యలో నది ఉంది కదా. కాకపోతే దయచేసి 2027 పుష్కరాలప్పుడు మాత్రం ఈ ఆలోచన ఎవరికీ రాకూడదు. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఎంతమంది పోయారో మనకింకా గుర్తుంది. మామూలు నెలలో ఒక మామూలు ఆదివారం చాలు.

ఇప్పుడు మిమ్మల్ని అడిగేది. బొగ్గింజన్ల ఫోటోలు మర్నాడు వేసి కింద జోకు రాసే బదులు, ముందు రోజు వార్త వేయండి. వచ్చే పంద్రాగస్టుకి చెన్నైలో నడుపుతున్నారో లేదో మీ విలేకరిని వారం ముందే కనుక్కోమనండి, రైల్వే పీఆర్వోలు మీ ఫోనుకి పలుకుతారు, మాలాంటి వాళ్ల ఫోనుకి పలకరు. ఎన్నింటికి ఎక్కడ బయల్దేరుతుంది, ఏ ప్లాట్‌ఫాం మీద నుంచి చూడొచ్చు, చూడ్డానికి ప్లాట్‌ఫాం టికెట్ చాలా లేక పాసు కావాలా, నెల్లూరు వైపు నుంచి అందుకునే రైళ్లేమిటి, ఇవి రాయండి. పట్టాల మీదికి దిగొద్దని, పక్క లైను చూసుకోమని, సెల్ఫీ కర్రలు ఇంటి దగ్గర పెట్టి రమ్మని పెద్ద అక్షరాల్లో వేయండి. జిల్లా ఎడిషన్లో వేసినా చాలు, నెల్లూరు జిల్లాలో మాత్రం తప్పకుండా, మా నాన్నగారు ఆ పేజీ ఒక్కటే మొత్తం చదువుతారు.

ఇట్లు,
పీటర్‌బరోలో ఉంటున్న బిట్రగుంట వాసి